వడ్రంగి మీద రాసిన ఒక్క వాక్యం

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. పరీక్ష పేపర్లు దిద్దుతూ మెడ పట్టేయించుకున్నాను, అందుకే జవాబు ఆలస్యం. ఫోనులో ఎంత అరిచినా నీ చెవికి ఎక్కదు కాబట్టి కాగితమే మనకు దిక్కు. చెవి డాక్టరుకి చూపించుకోమంటే నువ్వు వినవు. ఆ వినకపోవడం మాత్రం చెవి వల్ల కాదని నాకు తెలుసు.

ఈ ఏడాది మా చరిత్ర శాఖలో ఒక కొత్త పని మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. ఎవరైనా అందులో రాయవచ్చు, ఎవరు రాసిందైనా ఎవరైనా దిద్దవచ్చు. నా తరగతిలో ఇరవై రెండు మంది ఉన్నారు. తలా ఒక పాత కట్టడం మీద అందులో వ్యాసం రాయాలి. పరీక్షలో రాసే జవాబు నేనొక్కదాన్నే చదువుతాను, ఆ తర్వాత కట్ట కట్టి బీరువా మీద పడేస్తారు. ఇక్కడ రాసింది లోకమంతా చదువుతుంది. తప్పుంటే ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి చెవి మెలిపెడతాడు. పిల్లలు భయపడుతూనే బాగా రాస్తున్నారు.

దీనికి ఒక గట్టి నియమం ఉంది. కళ్ళారా చూశానంటే చెల్లదు, మా ఇంట్లో చెప్పుకుంటారంటే చెల్లదు. ప్రతి వాక్యం కిందా మూలం చూపాలి, అంటే ఎక్కడో అచ్చయి ఉండాలి. ఈ నియమం నాకు ఎంతో నచ్చింది.

నమూనాగా ఒక వ్యాసం నేనే రాసి చూపించాను. దేని మీదనుకున్నావు? నువ్వు వాక్యం చెప్పే మన ప్రార్థన మందిరం మీద. ఎప్పుడు కట్టారు, ఎలా కట్టారు, ఆ రోజు లోపలి చెక్క బాల్కనీ ఎలా కూలింది, అన్నీ. అప్పటి దినపత్రికలో మూడు లైన్లే దొరికాయి. విచారణ ఫైలు మున్సిపాలిటీ గదిలో నానిపోయి ముద్దయిపోయిందట. మిగిలింది నువ్వు అచ్చు వేయించిన చిన్న పుస్తకం ఒక్కటే. దాని నుంచి ఈ వాక్యం రాశాను: "వడ్రంగి నాసిరకం చెక్క వాడి, వేయాల్సిన బోల్టుల్లో సగం కాజేయడం వల్ల బాల్కనీ కూలి పదకొండు మంది చనిపోయారు." దాని కింద నీ పుస్తకం పేరు.

అమ్మ గురించి విడిగా ఏమీ రాయలేదు. ఆ పదకొండులో అమ్మ ఉంది. అంతకు మించి రాయడానికి చెయ్యి ఆడలేదు.

మందులు మానకు.

ప్రేమతో,
నీ పిచ్చుక

*

నా పిచ్చుకకు,

దేవుని కృప నీ గుమ్మం మీద, నీ నోటి మాట మీద ఉండు గాక.

అందరూ కలిసి రాసే పుస్తకం అనగానే నాకు ఆకాశాన్ని అంటుకునే గోపురం కట్టబోయినవాళ్ళు గుర్తొచ్చారు. ఒకడు ఇటుక అడిగితే ఇంకొకడు బురద అందించాడు, చివరికి తలా ఒక దిక్కు చెదిరిపోయారు. నీ పుస్తకానికీ ఆ గతి పట్టకుండా చూసుకో. పరిశుద్ధ గ్రంథాన్ని కూడా చాలా చేతులే రాశాయి, కాదనను. గొర్రెల కాపరి రాశాడు, చేపలు పట్టేవాడు రాశాడు, పన్నులు వసూలు చేసేవాడు రాశాడు. కానీ రాయించినవాడు ఒక్కడే. మీ దాన్ని రాయించేది ఎవరు తల్లీ?

అయినా నీ ఉత్తరం చదివి రోజంతా తాళం చెవి ఒక్కటి కూడా సరిగ్గా అరగదీయలేకపోయాను. అంత సంబరం. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తాళం కప్పలు, ఇనుప రజను మధ్య కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని దేవుని మాట నేర్చుకున్నవాణ్ణి. నా పుస్తకాన్ని యూనివర్సిటీలో మూలం అంటున్నారా? పక్క కొట్టు దర్జీకి చెబితే వాడు వెంటనే ఫోను తీసి ఆ పేజీ వెతికాడు.

"అన్నా, నీ పేరు నిజంగానే ఉందే. మా ఆవిడకి చెబితే, తాళాలాయనా, పుస్తకమా, అని నవ్వుతుంది."

"రాసింది నేను కాదురా, నా చేత ఆయన రాయించాడు," అన్నాను.

"అయితే పేరు నీదెందుకు వేసుకున్నావు?" అన్నాడు. వాడి నాలుకకి కూడా ఒక తాళం చేయాలి.

వ్యాసం మొత్తం గట్టిగా చదివి వినిపించాడు. నా మంచి చెవి వైపు కూర్చుని చదివాడు. వడ్రంగి వాక్యం దగ్గర ఆగి రెండోసారి చదివాడు. మూడోసారి చదవబోతే చాల్లే అన్నాను.

దొంగతనం చేసినవాడి సంగతి లోకానికి తెలియడం న్యాయమే. ఇసుక మీద ఇల్లు కట్టినవాడి గురించి ప్రభువే చెప్పాడు కదా. ఇంకొంచెం ఘాటుగా రాసినా తప్పు లేదు.

మీ అమ్మ గురించి రాయకపోవడమే మంచిది.

ప్రార్థనలో నిన్ను మరవని,
నీ తండ్రి

*

ప్రియమైన నాన్నకు,

నీ గోపురం కథ తరగతిలో చెప్పాను, పిల్లలు తెగ నవ్వారు. అయితే ఇక్కడ నిజంగానే కొంచెం బురద చిందింది.

నేను రాసిన వ్యాసంలో వడ్రంగి వాక్యం పోయిన బుధవారం మాయమైంది. తిరిగి పెట్టాను. గురువారం మళ్ళీ పోయింది. ఈ విజ్ఞాన సర్వస్వంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. ప్రతి పేజీకీ మార్పుల చరిత్ర ఉంటుంది. ఎవరు, ఏ నిమిషాన, ఏ అక్షరం తీశారో అన్నీ కనిపిస్తాయి. చూస్తే నా విద్యార్థినే. చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చుంటుంది. తరగతిలో ఏడాదంతా పది మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ.

కంప్యూటర్ గదిలో అందరి ముందే అడిగాను. అలా అడగకుండా ఉండాల్సింది.

"ఎందుకు తీసేశావు?"

"అది అబద్ధం కాబట్టి మేడమ్."

"దానికి మూలం చూపించాను కదా."

"ఆ పుస్తకం రాసినాయన బోల్టులు లెక్కపెట్టాడా మేడమ్?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను మెత్తగానే చెప్పాను. "మనం లెక్కపెట్టం. అచ్చులో ఏముందో అదే రాస్తాం. అది నిజమా కాదా అని తేల్చడం మన పని కాదు."

"మరెవరి పని మేడమ్?" అంది.

గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

ఆ పిల్ల శుక్రవారం మళ్ళీ తీసేసింది. ఈసారి నేను ముట్టుకోలేదు. అక్కడ జీతం లేకుండా కాపలా కాసే నిర్వాహకులు కొందరుంటారు. వాళ్ళలో ఒకాయన 'ఎర్రపెన్ను' అని పేరు పెట్టుకున్నాడు. మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆయనే వాక్యం తిరిగి పెట్టి, కారణం చూపకుండా మూడుసార్లు తీసేసినందుకు వారం పాటు ఆ పిల్ల రాయకుండా ఆపేశాడు. అక్కడి పద్ధతి ప్రకారం అది సరైనదే. నా తరగతి నియమాల ప్రకారం కూడా సరైనదే. మరి నాకెందుకు అన్నం సయించడం లేదో తెలియదు.

నీ ఆరోగ్యం గురించి ఒక్క ముక్క రాయవేం?

ప్రేమతో,
పిచ్చుక

*

నా పిచ్చుకకు,

కృపా సమాధానములు కలుగును గాక.

దిగులు పడకు. విత్తినచోట కలుపు కూడా మొలుస్తుంది. దేవుడు ప్రవక్త చేత రాయించిన గ్రంథపు చుట్టను ఒక రాజు చలిమంటలో ముక్కలు ముక్కలుగా కోసి కాల్చాడు. ఏమైంది? ఆ మాటలే మళ్ళీ రాశారు, ఇంకా ఎక్కువ కలిపి రాశారు. చెరిపే చెయ్యి ఎప్పుడూ ఉంటుంది. రాసే చెయ్యి అలిసిపోకూడదు. పోయిన ఆదివారం దీని మీదే ముప్పావు గంట మాట్లాడాను. గొంతు పోయింది. ముందు వరుసలో నలుగురు కళ్ళు తుడుచుకున్నారు. దర్జీ మాత్రం తుడుచుకోలేదు, అలాగే చూస్తూ కూర్చున్నాడు.

ఆ అమ్మాయికి సున్నా వేయి. పెద్దలు రాసిన మాట మీద గౌరవం లేని చదువు చదువే కాదు. లెక్చరరు వేసిన ప్రశ్నకి ఎదురు ప్రశ్న వేయడం ఎవరు నేర్పారు? మీ అమ్మ ఉంటే, నువ్వు మాత్రం తక్కువ తిన్నావా అనేది.

ఇంతకీ ఎవరి పిల్ల ఆమె? నీకు అందులో అంత బాధెందుకు? ఆ పుస్తకం వచ్చి ఇరవై ఏడేళ్ళయింది. అప్పుడు తప్పని ఎవరూ అనలేదు. వడ్రంగి బతికి ఉండగా కూడా అనలేదు. తప్పు లేనివాడు నోరు మూసుకుని ఎందుకు ఉంటాడు?

నా ఆరోగ్యం బాగానే ఉంది. కుడి మోకాలు మెట్లు ఎక్కనివ్వదు. మందిరంలో ఇప్పుడు ఎక్కడానికి మెట్లు ఎలాగూ లేవు.

నీ తండ్రి

*

ప్రియమైన నాన్నకు,

ఎవరి పిల్ల అని అడిగావు. ఆ వడ్రంగి మనవరాలు.

నిన్న నా గదికి పిలిచాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "మీరెవరి అమ్మాయో తెలిసే ఈ తరగతిలో చేరాను మేడమ్. మీరు ఆ పుస్తకమే నమూనాగా పెడతారని మాత్రం అనుకోలేదు," అంది.

తప్పు లేనివాడు నోరు ఎందుకు మూసుకున్నాడని రాశావు కదా. దానికీ తనే జవాబు చెప్పింది, నేను అడగకుండానే. ఆ పుస్తకం ఇంటింటికీ చేరాక వాళ్ళ తాతకి ఒక తలుపు చేయించుకునే దిక్కు కూడా లేకపోయింది. నీ దగ్గరికి రెండుసార్లు వచ్చాడట. నువ్వు కొట్టు తలుపు వేసుకున్నావట. ఆ తర్వాత నాలుగేళ్ళు సరుకులు పంపే చెక్క పెట్టెలు కొడుతూ బతికి, ఒక మధ్యాహ్నం ఆ పెట్టెల మధ్యే కూలబడిపోయాడు. భార్య ఉంది. మనవరాలిని పెంచింది ఆమే.

ఆమె చెప్పే కథ వేరు నాన్నా. బాల్కనీ నలభై మందికి సరిపడేలా చేశానని ఆయన నీకు ముందే చెప్పాడట. చెప్పి ఊరుకోకుండా, "పైకి నలభై మందికి మించి ఎక్కరాదు" అని ఒక పలక మీద రంగుతో రాసి, మెట్ల మొదట్లో నాలుగు స్క్రూలతో బిగించాడట. ఆ రోజు పైన నూట ఇరవై మంది ఉన్నారు. కూలిన తర్వాత ఆయన శిథిలాల్లో ఆ పలక కోసం రెండు రోజులు వెతికాడట. దొరకలేదు.

ఆ పిల్లకి నేను నియమమే చెప్పాను. మీ అమ్మమ్మ మాట ఇక్కడ చెల్లదు, అచ్చులో లేదు అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

నాన్నా, నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. చెక్క నాసిరకమని, బోల్టులు కాజేశాడని నీకు ఎవరు చెప్పారు? ఒక్క మనిషి చాలు. మేస్త్రీయో, కూలీయో, చెక్క అమ్మినవాడో. ఎవరో ఒకరు చెప్పారని రాయి. లేదంటే లేదని రాయి. నాకేం గుర్తుందని మాత్రం నన్ను అడగకు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

నీ జవాబు కోసం చూస్తూ,
పిచ్చుక

*

కుమార్తెకు,

నీ ఉత్తరం అందింది. కన్నతండ్రిని బోనులో నిలబెట్టడానికా నిన్ను చదివించింది?

నా భార్యను ఆ చెక్కల కింద నుంచి ఈ చేతులతో బయటికి లాగాను. ఆమె గాజులు ఏ చేతికి ఎన్ని మిగిలాయో నాకు తెలుసు. నాకు సాక్షి కావాలా? కూలిందంటే చెక్క మంచిది కాదు. మంచి చెట్టు చెడ్డ పండు కాయదు. అంతకంటే మూలం నాకు అక్కర్లేదు.

ఆ పలక సంగతి నాకు గుర్తు లేదు.

నీ తండ్రి

*

నాన్నకు,

నువ్వు అలా రాశాక ఇరవై మూడు రోజులు కాగితం ముట్టుకోలేదు. ఇప్పుడు కూడా రాయకపోదును. కానీ జరిగింది నీకు తెలియాలి.

ఆ అమ్మాయి ఏం చేసిందో విను. అచ్చులో ఉంటేనే చెల్లుతుందని నేను పదే పదే చెప్పాను కదా. వెళ్ళి వాళ్ళ అమ్మమ్మ చెప్పిందంతా రాసి, పెళ్ళి కార్డులు వేసే ప్రెస్సులో ఎనిమిది పేజీల పుస్తకం అచ్చు వేయించింది. కింద పాత సంవత్సరం వేయించింది, నీ పుస్తకం వచ్చిన ఏడాదే. దాన్ని మూలంగా చూపించి, వ్యాసంలో వడ్రంగి వాక్యం పక్కనే ఇంకో వాక్యం చేర్చింది. ఎర్రపెన్ను రెండు రోజుల్లో పట్టేశాడు. ఆ ప్రెస్సు పెట్టి ఆరేళ్ళే అయిందట.

విషయం యూనివర్సిటీకి చేరింది. దొంగ పత్రం సృష్టించిందని క్రమశిక్షణ సంఘం పిలిచింది. పొడవాటి బల్ల, ఐదుగురు పెద్దలు, మధ్యలో నీళ్ళ జగ్గు. అధ్యాపకురాలిగా నేనూ కూర్చున్నాను. అధ్యక్షుడు అడిగాడు, "తప్పు సంవత్సరం వేయించడం తప్పని తెలియదా అమ్మా?"

"తెలుసు సార్."

"మరి?"

"అచ్చయితే చాలన్నారు సార్. మేడమ్ వాళ్ళ నాన్నగారు చేసిందీ అదే కదా. ఆయనకి చెల్లింది, నాకు చెల్లలేదు."

ఐదుగురూ నా వైపు తిరిగారు. నేను ఫైలులోకి చూశాను.

ఏడాది పాటు చదువు నిలిపేయాలని అనుకుంటున్నారు. వచ్చే నెల మొదటి సోమవారం తేలుస్తారు. ఏడాది ఇంట్లో కూర్చుంటే మళ్ళీ వస్తుందన్న నమ్మకం నాకు లేదు. వాళ్ళింట్లో రెండు కుట్టు మిషన్లున్నాయి, ఒకటి ఖాళీగా ఉంది.

రాజు దగ్గరికి వెళ్ళి, పేదవాడి గొర్రెపిల్లను కాజేసిన ధనవంతుడి కథ చెప్పిన ప్రవక్త గురించి నువ్వు ప్రసంగం చేసేవాడివి. కథ విని రాజు మండిపడతాడు, ఆ పని చేసినవాణ్ణి చంపాలంటాడు. అప్పుడు ప్రవక్త, ఆ మనిషివి నువ్వేనని రాజుకే వేలు చూపిస్తాడు. చిన్నప్పుడు నువ్వు ఆ వేలు చూపించినప్పుడల్లా నన్నే చూపిస్తున్నావనుకుని వణికేదాన్ని.

కూతురు

*

నా పిచ్చుకకు,

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న పుస్తకం పెట్టాను. ముందు ఉత్తరం చదువు.

నీ ఉత్తరం వచ్చిన తర్వాత రెండు ఆదివారాలు నేను ప్రసంగం చేయలేదు. జలుబన్నాను. దావానలాలు, వరదలు, కూలిన గోడలు అన్నీ గ్రంథంలో ఉన్నాయి, తీసి చూసిన ప్రతి పేజీలోనూ నేనే ఉన్నాను. చివరికి పుస్తకం మూసి దర్జీ దగ్గరికి వెళ్ళాను. నేను చెబుతాను, నువ్వు రాయి అన్నాను. రాశాడు. మధ్యలో ఒక్క హాస్యం ఆడలేదు. అయిపోయాక, "ఇరవై ఏడేళ్ళుగా నీ పక్కనే కూర్చుంటున్నాను కదన్నా," అన్నాడు. అంతే అన్నాడు. మర్నాటి నుంచి తన కుర్చీ కొట్టు లోపలికి జరుపుకున్నాడు.

జరిగింది ఇది. ఆ రోజు బయట వాన. జనం గుమ్మం దాటి వీధిలో తడుస్తున్నారు. అంత జనం నా మాట కోసం ఎప్పుడూ రాలేదు. పైన చోటుంది, కానీ మెట్ల దగ్గర ఆ పలక ఉంది. చదువుకున్నవాళ్ళు దాన్ని చూసి ఆగిపోతున్నారు. దేవుడి ఇంట్లో మనిషి పెట్టిన అంకె ఏమిటని నాకు మండింది. విశ్వాసం లేని పలక అనుకున్నాను. బల్ల ఎక్కి నాలుగు స్క్రూలూ విప్పి, పలకను మందిరం వెనక వంట పొయ్యి దగ్గర కట్టెల్లో కలిపేశాను.

మీ అమ్మ వచ్చి, "ఆయన నలభై అని రాశాడు కదండీ," అంది. "నువ్వు నా మాట వింటావా, చెక్క మాట వింటావా?" అన్నాను. మిగతా ఆడవాళ్ళకి ధైర్యం రావాలని తనే ముందు ఎక్కింది.

నాసిరకం చెక్క అని నాకెవరూ చెప్పలేదు. బోల్టులు ఎవరూ లెక్కపెట్టలేదు. అది నేను పుట్టించాను. ఆమెను నేను చంపానని ఒప్పుకోవడం కంటే వాడు దొంగ అనడం తేలిక అయింది. మొదటిసారి అన్నప్పుడు నాలుక తడబడింది. పదోసారి అన్నప్పటికి నేనే నమ్మాను.

మీ నియమం ప్రకారం ఉత్తరం చెల్లదని తెలుసు. అందుకే అచ్చు వేయించాను. ఈ ఏడాదే వేయించాను, కింద సంవత్సరం కూడా ఈ ఏడాదిదే వేశాను. ఆదివారం మందిరంలో నిలబడి మొత్తం చదివాను. సగం చదివేసరికి బెంచీలు ఖాళీ అవడం మొదలైంది. ఆ పదకొండు మందిలో ఒకామె కొడుకు నా దగ్గరికొచ్చి, నా మొహంలోకి చూసి వెళ్ళిపోయాడు. కొట్టి ఉంటే బాగుండేది.

తర్వాత ఆ ఇంటికి వెళ్ళాను. వడ్రంగి భార్య అరుగు మీద బొత్తాలు కుడుతోంది. నన్ను గుర్తుపట్టింది. పుస్తకం చేతికివ్వబోతే పెదవులు కదిపింది. నాకు ఆనలేదు.

"కాస్త గట్టిగా చెప్పమ్మా, చెవి వినపడదు," అన్నాను.

అప్పుడు వీధంతా వినేలా అంది, "నాకు చదవడం రాదు. గట్టిగా చెప్పాల్సింది నువ్వు."

నిలబడి చదివాను. కిటికీలు తెరిచి జనం చూస్తున్నారు. ఆమె కుట్టు ఆపలేదు. అయిపోయాక, "ఆయన ఉండగా ఎందుకు చదవలేదు?" అంది. పుస్తకం ఆమె పక్కన అరుగు మీద పెట్టి వచ్చాను.

ఆ అమ్మాయి కోసం దీన్ని నీ పెద్దల ముందు పెట్టు. నాకు క్షమాపణ అడిగే ముఖం లేదు, నిన్ను కూడా.

నీ తండ్రి

*

నాన్నా,

నీ పుస్తకం పెట్టాల్సిన ప్రతి చోటా పెట్టాను.

క్రమశిక్షణ సంఘం చదివింది. అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు కూడా. కానీ తాత నిర్దోషి అయినంత మాత్రాన మనవరాలు వేయించిన సంవత్సరం నిజం కాదు కదా అన్నారు. ఏడాదిని ఆరు నెలలు చేశారు. అంతే.

విజ్ఞాన సర్వస్వంలో ప్రతి వ్యాసానికీ ఒక చర్చా పేజీ ఉంటుంది. అక్కడ నీ రెండో పుస్తకం గురించి రాశాను. నేను నీ కూతురినని కూడా రాశాను. ముందే చెప్పాల్సిన సంగతి అది. ఎర్రపెన్ను జవాబు ఇచ్చాడు. ఆయన మాటలే రాస్తున్నాను: "ఈ రచయిత తన మొదటి పుస్తకం అబద్ధమని తానే అంటున్నారు. అలాంటప్పుడు రెండోది నిజమని దేన్నిబట్టి అనుకోవాలి? రెండూ సొంతంగా వేయించుకున్నవే. రెండూ చెల్లవు." ఇంకో నలుగురు అవునన్నారు. రెండు పుస్తకాలూ తీసేస్తే వ్యాసానికి మిగిలింది దినపత్రికలోని మూడు లైన్లు. మూడు లైన్లకి పేజీ ఉంచరు. వారం గడువిచ్చి మొత్తం తొలగించారు. ఇప్పుడు అక్కడ వడ్రంగి దొంగ కాడు, నిర్దోషి కూడా కాడు. ఆ మందిరం లేదు, ఆ పదకొండు మంది లేరు.

నాకు కోపం రాలేదు నాన్నా. ఎందుకంటే ఎర్రపెన్ను అనుమానం నిజమే. నీ రెండో పుస్తకంలో కూడా ఒక అబద్ధం ఉంది. నాలుగో పేజీలో, కింది నుంచి మూడో లైను: "ఆ సమయంలో అక్కడ నేను ఒక్కడినే ఉన్నాను." ఉత్తరంలో కూడా ఆ చోటు దాటేశావు.

నువ్వు బల్ల మీద నిలబడి వెనక్కి చూడకుండా చెయ్యి చాపావు. ఆ చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టింది నేను. విప్పిన స్క్రూలు ఒక్కొక్కటే నా గౌను జేబులో వేసుకున్నాను. అమ్మ మెట్లు ఎక్కబోతూ నా తల మీద చెయ్యి వేసి, "నాన్నకి సాయం చేస్తున్నావా, బంగారు తల్లివి," అంది. నాతో అన్న ఆఖరి మాట అది.

నాకు గుర్తు లేదని నువ్వు ఇన్నేళ్ళూ అనుకున్నావో, గుర్తుందని తెలిసే నన్ను దాచావో నాకు తెలియదు. నేను మాత్రం తెలిసే దాక్కున్నాను. కళ్ళారా చూసింది చెల్లదనే చోటు ఒకటి దొరికితే, వెళ్ళి అందులో ఇల్లు కట్టుకున్నాను. పిల్లలకి అదే చదువని చెప్పాను. ఆ వాక్యం నీ పుస్తకంలోంచి ఎత్తి రాసింది ఏమీ తెలియని కూతురు కాదు. అందుకే నువ్వు అడగాల్సిన క్షమాపణలో నా పేరు తీసెయ్యి.

నిన్న ఆ అమ్మాయి లైబ్రరీ పుస్తకాలు అప్పగించడానికి వచ్చింది. సంతకం కోసం నా గదికి రావాలి. సంతకం పెట్టి, నీకొక సంగతి చెప్పాలి అన్నాను. మా నాన్న రాయనిది, నేను చూసింది.

గుమ్మంలోనే నిలబడి ఉంది. "అచ్చులో ఉందా మేడమ్?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

"లేదు. ఎక్కడా లేదు," అన్నాను.

సంచి నేల మీద పెట్టి, ఆ రోజు నేను చూపించినా కూర్చోని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మొదటి నుంచి చెప్పండి," అంది.

నీ కూతురు